పోలీసు కెన్నెల్లో కుక్కలు చూసుకునే పని వచ్చింది, చేరమంటారా?

కోవూరు_కుర్రోడు
సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది కోవూరు దగ్గర పల్లె. డిగ్రీలో బీజెడ్‌సీ, ఒక పేపరు ఇంకా మిగిలే ఉంది. రెండేళ్లు రొయ్యల గుంటల మీద మేత వేసే పని చేశాను. వైరస్ తగిలి ఓనరు గుంటలు ఎండగట్టేశాడు, నేను ఇంటికొచ్చేశాను.

ఇప్పుడు తెలిసినాయన ద్వారా ఒక పని వచ్చింది. పోలీసు డాగ్ స్క్వాడ్ కెన్నెల్లో సహాయకుడిగా. గదులు కడగడం, మేత పెట్టడం, బ్రష్ చేయడం, హ్యాండ్లర్లకు (కుక్కను నడిపించే పోలీసులు) సాయం చేయడం. కాంట్రాక్టే, పర్మినెంట్ కాదు. ఆరు కుక్కలు ఉన్నాయంట.

మా అమ్మ పోయిన రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి నాకోసం, ఉద్యోగం రావాలని మొక్కుకుని, ఉద్యోగ రొట్టె అందుకుంది. ఈ పని సంగతి చెబితే, "కుక్కల దొడ్డి ఊడ్చడానికా నేను నీళ్లలో నిలబడింది" అంటోంది. మా మామయ్యేమో రేపు నీకు పిల్లనెవరిస్తారు అంటున్నాడు.

కరుస్తాయా? రోజంతా ఏం పని ఉంటుంది? తర్వాత హ్యాండ్లర్ అయ్యే దారి ఉందా? ఇంట్లో ఊరకుక్కకు నాలుగు మెతుకులు పెట్టడమే గానీ ఎప్పుడూ పెంచింది లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_గిత్త
సోమవారం రాత్రి 9:31

తమ్ముడూ, రొయ్యలకు మేత వేసినోడివి, కుక్కలకు పెట్టలేవా? రొయ్యకు జబ్బు చేస్తే తెల్లారేసరికి గుంటంతా తేలుతుంది. కుక్క కనీసం మూలుగుతుంది. చేరిపో. కరుస్తుందనుకుంటే మా ఎద్దులకు కట్టినట్టు మూతికి ఒక చిక్కం కట్టెయ్.

మూలపేట_మురళి
సోమవారం రాత్రి 9:40

చిక్కం కట్టుకుని అది బాంబు ఎట్లా వెతుకుతుంది గిత్తన్నా 😄

పాత_ఏఆర్
సోమవారం రాత్రి 11:05

ముందు మీ మామయ్యకు చెప్పు, నాకు పిల్లనిచ్చారు. ఇద్దరు మనవలు కూడా.

నేను ఏఆర్‌లో (పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్) చేసి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్లు హ్యాండ్లర్‌ని. ఏ జిల్లా అని అడగొద్దు. మొదటిది ట్రాకర్ (వాసన పట్టి జాడ తీసేది), డాబర్‌మన్. రెండోది పేలుడు పదార్థాలు పసిగట్టే లాబ్రడార్.

హ్యాండ్లర్ సంగతి ముందు తేల్చేస్తా. అందులోకి నీ పని నుంచి నేరుగా దారి లేదు. ముందు కానిస్టేబుల్ కావాలి, ఆ తర్వాత ఇష్టపడ్డవాళ్లలోంచి ఏరుకుంటారు. కుక్కపిల్లను అప్పగించి ట్రైనింగుకు పంపుతారు. మా కాలంలో అది హైదరాబాద్ పక్కన మొయినాబాద్ అకాడమీ. రాష్ట్రం విడిపోయాక మనవాళ్లకు మంగళగిరి ఆరో బెటాలియన్. దాదాపు ఎనిమిది నెలలు. కుక్కా మనిషీ జోడీగా పాసవ్వాలి. నీ వయసు సరిపోతుంది కాబట్టి కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటూ ఈ పని చెయ్. దీన్ని మెట్టు అనుకుని మాత్రం చేరొద్దు.

ఇక పని. పొద్దున ఐదున్నరకు మొదలు. వాటిని హ్యాండ్లర్లు వాకింగుకు తీసుకెళ్తారు, నువ్వు గదిలోకి వెళ్తావు. ఇక్కడ ఒక్క మాట చెబుతాను, గుర్తుపెట్టుకో. తలుపు తీయగానే ముక్కు మూసుకోవద్దు, పైపు అందుకోవద్దు. ముందు కింద చూడు. రాత్రి వేసిన దొడ్డికి గట్టిగా ఉందా, జారుగా ఉందా? జిగట కనపడుతోందా? నెత్తుటి చార ఉందా? తెల్లగా బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయా (అవి బద్దెపురుగు ముక్కలు)? ఉచ్చ రంగు ఎలా ఉంది? మూలన కక్కిందా? నీళ్ల గిన్నె నిన్నటిలానే నిండుగా ఉందా, ఖాళీ చేసి పొర్లించిందా? ఇదంతా చూసుకున్నాకే నీళ్లు కొట్టాలి. కడిగేశాక డాక్టరు వచ్చి అడిగితే నీ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. మా దగ్గర ఒకాయన ఉండేవాడు, చదువు లేదు, బీడీ కట్ట చెవిలో పెట్టుకుని తిరిగేవాడు. హ్యాండ్లర్లమైన మాకంటే ఒక రోజు ముందే కుక్కకు జ్వరం రాబోతోందని చెప్పేవాడు. ఎట్లా అంటే "పొద్దున చీపురు కరవడానికి రాలేదు సార్" అనేవాడు. అది రోజూ చీపురుతో ఆడుకునే కుక్క.

మిగతాది సులువే. రోజూ బ్రష్ చేయడం. చెవిలో వాసన చూడటం, నిజంగానే ముక్కు పెట్టి చూడాలి, పులిసిన వాసన వస్తే చెవిపోటు మొదలైనట్టు. గోళ్లు. పళ్లు. సాయంత్రం మళ్లీ వాకింగ్, ప్రాక్టీసు, మేత. జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద ఛాతీ కుక్కలకు తిన్న వెంటనే పరుగు పెట్టిస్తే కడుపు ఉబ్బి మెలితిరిగి గంటల్లో ప్రాణం పోతుంది. అందుకని మేతకూ పరుగుకూ మధ్య కనీసం ఒక గంట ఎడం ఇవ్వాలి.

చేయకూడనివి రెండు. నీ చేత్తో ఏమీ తినిపించొద్దు. పరాయివాళ్లు పెట్టింది ముట్టకూడదని దానికి నెలల తరబడి నేర్పుతారు, నువ్వు ఒక్క బిస్కెట్టుతో చెడగొడతావు. రెండోది, ముద్దొస్తోంది కదా అని "సిట్, సిట్" అని అనొద్దు. నువ్వు పదిసార్లు అని అది కూర్చోకపోతే, మాట వినకపోయినా ఏమీ కాదని నువ్వే దానికి నేర్పినట్టు.

కోవూరు_కుర్రోడు
మంగళవారం ఉదయం 6:20

సార్, చాలా థ్యాంక్స్. రెండుసార్లు చదివాను. రొయ్యల గుంట మీద కూడా ఇంతే సార్, చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసి జబ్బు పట్టేవాళ్లం. దొడ్డికి చూడమంటే మా అమ్మకు ఎట్లా చెప్పాలో అదొక్కటే టెన్షన్.

ఒంగోలు_గిత్త
మంగళవారం ఉదయం 6:48

పేడ చూసి పశువుకు ఏమైందో చెప్పని రైతు ఉంటాడా? మీ అమ్మను మా ఊరు పంపు, నేను చెబుతా.

డాక్టరమ్మ_కావలి
మంగళవారం మధ్యాహ్నం 2:15

పశువైద్యురాలిని. ఏఆర్ గారి పోస్టు ప్రింటు తీసి కెన్నెల్ గోడకు అంటించాలనిపించింది. మన ప్రాంతానికి సంబంధించి నావి కొన్ని.

గోమార్లు. నెల్లూరు, ప్రకాశం వేడికీ తేమకూ ఇవి ఏడాదంతా ఉంటాయి. చాలామంది కుక్క ఒంటికి మందు కొట్టి చేతులు దులుపుకుంటారు. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతా సంసారమంతా గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో, బల్ల కింద ఉంటుంది. కుక్కకు పట్టే గోధుమరంగు గోమారి ఆడది నెత్తురు తాగి దిగిపోయి, గోడ ఎక్కి పగుల్లో వేల గుడ్లు పెడుతుంది. అందుకని గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చమని మీ పైవాళ్లకు చెప్పండి. రోజూ బ్రష్ చేసేటప్పుడు చెవి లోపల, మెడ పట్టీ కింద, కాలివేళ్ల మధ్య వేలితో తడమండి. దొరికితే గోటితో నలపొద్దు, చర్మానికి ఆనించి చిమటాతో నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి.

వాటి వల్ల వచ్చే జ్వరం ఉంది, ఎర్లీకియా అంటాం. నెత్తుట్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మొదట్లో ఏమీ తెలియదు, కొంచెం మందకొడిగా ఉంటుంది, అంతే. ముక్కులోంచి రక్తం కారేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. రోజూ ఒక పని చేయండి. పై పెదవి ఎత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కితే తెల్లబడుతుంది, వదిలాక రెండు సెకన్లలోపు మళ్లీ ఎరుపెక్కాలి. పాలిపోయి ఉన్నా, కడుపు చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా ఆ పూటే డాక్టరుకు చెప్పాలి.

మూలపేట_మురళి
మంగళవారం మధ్యాహ్నం 2:30

మేడమ్, గోమార్లు అంటే పిడుదులేనా? మా అమ్మమ్మ వాళ్లు ఉదయగిరి వైపు, పిడుదులు అంటారు.

డాక్టరమ్మ_కావలి
మంగళవారం మధ్యాహ్నం 2:34

అవే. పేరు ఏదైనా నెత్తురు ఒకటే.

పొదిలి_పెద్దోడు
మంగళవారం సాయంత్రం 5:10

గోమార్లకూ వాసనకూ అన్నిటికీ ఒకటే మందు, నల్ల ఫినాయిల్. చిక్కగా కలిపి పొద్దునా సాయంత్రం కొట్టు. మా మేకల కొట్టం ముప్పై ఏళ్లుగా అట్లానే ఉంది.

డాక్టరమ్మ_కావలి
మంగళవారం సాయంత్రం 5:52

పెద్దాయనా, మేకకు గిట్టలుంటాయి, కుక్క అరికాలు మెత్తటి చర్మం. ఫినాయిల్ తడి మీద నిలబడితే మండుతుంది, కాలు నాకితే అది కడుపులోకే పోతుంది. వాడితే పల్చగా వాడి, శుభ్రంగా నీళ్లతో కడిగి, నేల ఆరాకే కుక్కను లోపలికి వదలాలి. పైగా కుక్కలకు నెత్తుటి విరేచనాలు పట్టించే పార్వో వైరస్‌కు ఫినాయిల్ సరిపోదు, దానికి బ్లీచే కావాలి. ముందు దొడ్డికి అంతా తీసేసి, కడిగి, ఆ తర్వాత బ్లీచ్ నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. రెండూ మాత్రం ఎప్పుడూ కలపొద్దు.

పొదిలి_పెద్దోడు
మంగళవారం సాయంత్రం 6:01

సరే తల్లీ. మేకలకైతే నాది నేను కొట్టుకుంటా.

మూడేళ్లు_చేశా
మంగళవారం రాత్రి 10:20

అందరూ చేరిపో చేరిపో అంటున్నారు, నేను వేరే మాట చెప్తా. వేరే చోట, ఎక్కడో రాయను, ఇదే పని మూడేళ్లు చేశాను. జీతం ఒక్కోసారి మూడు నెలలకు కలిపి పడేది. గంబూట్లు నా డబ్బుతో కొనుక్కున్నా. సెలవు అడిగితే "కుక్కలకు ఆదివారం ఉంటుందా" అని నవ్వేవాళ్లు. ఒకసారి వర్షాకాలంలో నాకు కళ్లు పచ్చబడి, పిక్కలు పట్టేసి, చలిజ్వరం. కామెర్లని ఆకుపసరు మింగా. తీరా చూస్తే ఎలుక జ్వరం. మేత బస్తాల దగ్గర ఎలుకలు తిరిగేవి, ఆ తడిలో నేను చెప్పుల్లేకుండా కడిగేవాణ్ణి, కాలికి పగుళ్లు.

కుక్కలంటే కోపం లేదు. ఇప్పటికీ వాటి ఫోటోలు ఫోన్లో ఉన్నాయి. చేరే ముందు అడగాల్సినవి అడిగి చేరు. పీఎఫ్ కడతారా? గ్లౌజులు, బూట్లు ఎవరిస్తారు? కరిస్తే ఖర్చు ఎవరిది?

డాక్టరమ్మ_కావలి
మంగళవారం రాత్రి 10:58

ఈ పోస్టు అందరూ చదవాలి. ఎలుక ఉచ్చ కలిసిన నీటి నుంచి, కాలి పగుళ్ల ద్వారా వస్తుంది ఆ జ్వరం. బూట్లు లేకుండా కెన్నెల్ కడగొద్దు. మేత మూతపెట్టే డబ్బాల్లో ఉండాలి.

తమ్ముడూ, ఇంకొకటి. కుక్కల మధ్య పనిచేసేవాళ్లు కరవకముందే రేబిస్ టీకా వేయించుకోవడం మంచిది. మొదటి రోజు, ఏడో రోజు, ఆ తర్వాత ఇరవై ఒకటో రోజో ఇరవై ఎనిమిదో రోజో. వేయించుకున్నా సరే, పన్ను గీరితే సబ్బుతో కారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పోలీసు కుక్కలకు ఏటా టీకాలు వేస్తారు కదా అని ఊరుకోవద్దు.

పాత_ఏఆర్
బుధవారం ఉదయం 5:40

మూడేళ్లు చేసిన తమ్ముడు చెప్పింది నిజం. నేను ఆ మాట రాయకుండా దాటేశాను, తప్పే. మా చీపురు ఆయనకు కూడా బూట్లు ఉండేవి కావు. అప్పుడు మాకు తట్టలేదు.

కరవడం గురించి అడిగావు. పదకొండేళ్లలో నన్ను రెండుసార్లు కరిచాయి. ఒకటి రెండు కుక్కలు కొట్లాడుకుంటుంటే మధ్యలో చెయ్యి పెట్టా. రెండోది కాలికి ముల్లు తీస్తుంటే, నొప్పికి. రెండిట్లోనూ తప్పు నాదే. తింటున్న కుక్క గిన్నె లాగొద్దు, నిద్రపోతున్నదాన్ని ముందు పేరు పెట్టి పిలవకుండా తాకొద్దు. చెవులు వెనక్కి నొక్కి, ఒళ్లు బిగించి, కదలకుండా నిన్నే చూస్తోందంటే అరిచే కుక్క కంటే దానికే భయపడాలి.

స్టోన్‌హౌస్‌పేట_సురేష్
బుధవారం ఉదయం 9:15

నాదో డౌటు. దొంగతనం జరిగిన చోట వాసన చూపిస్తే కుక్క వెళ్లి ఎవరింటి ముందు ఆగితే వాడే దొంగ కదా. ఇక కోర్టులు ఎందుకు ఏళ్లకేళ్లు సాగదీస్తాయి?

వకీలు_ఒంగోలు
బుధవారం మధ్యాహ్నం 1:05

అట్లా అయితే మాకు పనేముంటుంది సురేష్ గారూ. కుక్క బోనెక్కి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పలేదు, దాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయలేం. కుక్క ఏమనుకుందో హ్యాండ్లర్ వచ్చి చెబితే అది విన్న మాట కింద లెక్క. మనిషి ప్రాణం, స్వేచ్ఛ కుక్క అంచనా మీద ఆధారపడకూడదన్నది ఇంకో అభ్యంతరం. సుప్రీంకోర్టు 1969లో మహారాష్ట్ర కేసులో ఈ అభ్యంతరాలన్నీ చర్చించింది, 2001లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే మళ్లీ చెప్పింది. దర్యాప్తుకు కుక్క పనికొస్తుంది, శిక్ష వేయడానికి దాన్ని నమ్ముకోలేం.

పాత_ఏఆర్
బుధవారం మధ్యాహ్నం 1:40

వకీలు గారు చెప్పింది మాకు ట్రైనింగులోనే చెప్పారు. ఏ ఇంటి ముందు ఆగింది అన్నది కాదు మాకు కావాల్సింది. ఎటువైపు పోయాడు, ఎక్కడ బండెక్కాడు, దారిలో ఏం పారేశాడు. ఒకసారి నా డాబర్‌మన్ మూడు కిలోమీటర్లు లాక్కెళ్లి జామాయిల్ తోటలో ఒక చెప్పు దగ్గర కూర్చుంది. చెప్పే దొరికింది, వాడు దొరకలేదు. కానీ ఆ చెప్పుతో మిగతావాళ్లు ఏదో లాగారు.

అసలు కుక్కకు శత్రువు దొంగ కాదండీ, జనం. మేము వెళ్లేసరికి ఊరంతా ఆ ఇంట్లోనే ఉంటుంది. బీరువా తలుపు అందరూ పట్టుకుని చూసేసి ఉంటారు. ఇంకెవరి వాసన పట్టుకోమంటారు దాన్ని?

హ్యాండ్లర్_ఇంటావిడ
బుధవారం రాత్రి 8:25

నేను చాలా ఆలోచించి రాస్తున్నా. మావారు ఇప్పటికీ సర్వీసులో ఉన్నారు, కాబట్టి వివరాలు రాయను.

పెళ్లయిన కొత్తలో ఆయన యూనిఫాం ఉతికితే బకెట్ నిండా వెంట్రుకలు. మా పాప మూడేళ్లప్పుడు "నాన్నకు నాకన్నా అదే ఇష్టం" అని ఏడ్చేది. పండగ రోజు ఆయన కెన్నెల్లో ఒక మాటు తిరిగొచ్చాకే ఇంట్లో భోజనం. అలవాటైపోయింది.

ఒకసారి ఆయనకు డెంగ్యూ వచ్చి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కుక్క మేత మానేసింది. రెండో హ్యాండ్లర్ పెట్టినా మూతి తిప్పుకుంది. అప్పుడు అక్కడ గదులు కడిగే అబ్బాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, మా ఇంటికి సైకిల్ మీద వచ్చి "అక్కా, సార్ వేసుకున్న బనియన్ ఏదైనా ఉతకనిది ఇస్తారా" అన్నాడు. ఇచ్చాను. దాని బల్ల మీద పరిచి, గిన్నె పక్కన పెట్టి, తను మూలన కూర్చున్నాడంట గంటసేపు, ఏమీ మాట్లాడకుండా. ఆ రాత్రి సగం తిన్నది. ఆ పిల్లాడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, రంజాన్‌కు ఫోన్ చేసి ముందు దాని గురించే అడుగుతాడు. మీ అమ్మగారికి ఇది చదివి వినిపించండి తమ్ముడూ.

వేదిక_నిర్వాహకుడు
బుధవారం రాత్రి 9:00

చర్చ బాగుంది, సాగనివ్వండి. ఒక్క మనవి. కెన్నెల్ ఎక్కడుంది, ప్రస్తుతం డ్యూటీలో ఉన్న కుక్కల పేర్లు, బందోబస్తు సమయాలు ఎవరూ రాయవద్దు. రెండు పోస్టుల్లో ఊరి పేరు తీసేశాను.

తడ_టు_తిరుపతి
బుధవారం రాత్రి 9:22

అన్నీ ఫారిన్ జాతులేనా? మన కుక్కలు పనికిరావా?

పాత_ఏఆర్
గురువారం ఉదయం 5:35

ఎందుకు పనికిరావు. కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం, యూపీ రాంపూర్ వేటకుక్కలను బలగాల్లో తీసుకుంటూనే ఉన్నారు. 2020 ఆగస్టులో ప్రధాని కూడా రేడియోలో ముధోల్, రాజపాళయం పేర్లు చెప్పారు. కాకపోతే వేటకుక్క కంటితో చూసి పరిగెత్తే రకం. లాబ్రడార్‌కు తిండి పిచ్చి, బంతి పిచ్చి. ఆ పిచ్చి మీదే మా ట్రైనింగంతా నడుస్తుంది. పేలుడు మందు దానికి అనవసరం, అది దొరికితే వచ్చే బంతి కోసం వెతుకుతుంది. దొరికితే గీరదు, మొరగదు, మౌనంగా కూర్చుంటుంది. గీరితే ఏమవుతుందో తెలుసు కదా.

తిండి పిచ్చి అంటే రొట్టెల పండగ గుర్తొచ్చింది. తమ్ముడి పోస్టులో ఉద్యోగ రొట్టె చూసినప్పటి నుంచీ చెబుదామనుకుంటున్నా.

ఒక ఏడాది మమ్మల్ని ఆ బందోబస్తుకు పంపారు. నా లాబ్రడార్‌కు అప్పుడు ఏడేళ్లు. చెరువు గట్టు మీద ఎటు చూసినా రొట్టెలే. నెత్తి మీద గుడ్డలో రొట్టె, పళ్లెంలో రొట్టె, పిలకాయల చేతుల్లో రొట్టె. నెయ్యి, బెల్లం వాసన నాకే కడుపులో తిప్పుతోంది, దాని ముక్కు మన ముక్కులాంటిది కాదు గదా. వేదిక కింద, షామియానా గుంజల దగ్గర, చెత్త డబ్బాల దగ్గర అన్నీ చూసింది. నోటి నుంచి చొల్లు తీగలాగా కారుతోంది గానీ తల తిప్పలేదు. అంతలో ఒక పిలకాయ చేయి జారి రొట్టె సరిగ్గా దాని ముందు పడింది. ఆగింది. నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది, పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు కనిపించినప్పుడు పిల్లాడు మాస్టారి వైపు చూసినట్టు. "సీక్" (వెతుకు) అన్నా. రొట్టె మీదుగా అడుగు వేసి ముందుకు పోయింది.

ఇరవై నిమిషాలు పని, తర్వాత నీడలో విశ్రాంతి, అట్లా సాయంత్రం దాకా. నోరు తెరిచి వగర్చే కుక్క సరిగా వాసన పట్టలేదు, అందుకే ఆ విశ్రాంతి. డ్యూటీ అయ్యాక యూనిఫాం ప్యాంటు మడిచి నేనూ నీళ్లలో దిగా. అప్పటికే దానికి వెనక తుంటి పట్టేస్తోంది, లేచేటప్పుడు కుంటేది. ఎవరో పెద్దావిడ ఆరోగ్య రొట్టె ఇస్తోంటే అందుకున్నా. "ఎవరికి నాయనా, ఇంటిదానికా?" అంది. అవునన్నా. సగం నేను తిన్నా, సగం దానికి పెట్టా. నా చేతి తిండి అది తినొచ్చు కాబట్టి పెట్టా. ఆ సగం నమలలేదు, మింగేసింది.

ఇంకో రెండేళ్లకు దాని డ్యూటీ మాన్పించారు. అడిగితే నాకే ఇచ్చారు. మా పెరట్లో సపోటా చెట్టు కింద ఉంది ఇప్పుడు. పైన కాదు, కింద.

హ్యాండ్లర్_ఇంటావిడ
గురువారం ఉదయం 7:10

🙏

డాక్టరమ్మ_కావలి
గురువారం మధ్యాహ్నం 3:20

ఏఆర్ గారూ, లాబ్రడార్ తిండి పిచ్చికి కారణం కూడా దొరికింది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వాటిలో కొన్నిటికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేదని కనిపెట్టారు. దాంతో కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందదు. అవి నటించడం లేదు, నిజంగానే ఆకలి. అందుకే వాటికి తూచి పెట్టాలి, జాలితో కాదు. ఒంటి పక్కన తడిమితే పక్కటెముకలు చేతికి తగలాలి. బరువు పెరిగితే తుంటి ఇంకా త్వరగా పోతుంది.

ఎండాకాలం సంగతి కూడా రాసేస్తాను, రోహిణి కార్తెకు పనికొస్తుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడమే దారి. నాలుక ముదురు ఎరుపెక్కి, చొల్లు చిక్కబడి, అడుగు తడబడితే వెంటనే నీడకు తెచ్చి పొట్ట, తొడలు, పాదాల మీద మామూలు నీళ్లు పోసి ఫ్యాన్ కింద పెట్టండి. ఐసు నీళ్లలో ముంచొద్దు. కెన్నెల్ కిటికీలకు వట్టివేళ్ల తడికెలో తడిపిన గోనెపట్టాలో కట్టండి. సిమెంటు నేల మీద నీ అరచెయ్యి ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని కాలూ ఆనలేదు. మనుషుల జ్వరం మాత్రలు మాత్రం చచ్చినా వేయొద్దు.

కోవూరు_కుర్రోడు
శుక్రవారం రాత్రి 8:45

హ్యాండ్లర్ అక్క పోస్టు, ఏఆర్ సార్ రొట్టె పోస్టు అమ్మకు చదివి వినిపించాను. చివర్లో ఏమీ అనలేదు, లేచి వెళ్లి గిన్నెలు తోముకుంది. కాసేపటికి వచ్చి "కాలభైరవుడి వాహనం గదరా అది" అంది. పీఎఫ్, బూట్ల సంగతి అడిగాను, ఇస్తామన్నారు. టీకా మొదటి డోసు ఈరోజే వేయించుకున్నా. సోమవారం చేరుతున్నాను.

మూడేళ్లు_చేశా
శుక్రవారం రాత్రి 9:02

బూట్లు ఇచ్చాక ఫోటో పెట్టు. అప్పుడు నమ్ముతా.

కోవూరు_కుర్రోడు
ఐదు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:30

అందరికీ నమస్కారం. మూడేళ్లన్నా, బూట్ల ఫోటో పెట్టాను చూడు, ఒక సైజు పెద్దవి, రెండు జతల సాక్సులు వేసుకుని తొడుగుతున్నా.

మొదటి వారం పేర్లు, వరస నేర్చుకోవడంతోనే సరిపోయింది. చెయ్యి వాసన పోవడం లేదని అన్నం చెంచాతో తిన్నా, ఇప్పుడు తెలియడం లేదు. డాక్టరమ్మ చెప్పారు కదా అని రోజూ హ్యాండ్లర్ సార్‌ను అడిగి ఆయన పట్టుకుంటే చిగుర్లు చూస్తున్నా. మొదట ఆయన నవ్వాడు, "పళ్ల డాక్టరొచ్చాడు" అని పిలిచేవాడు.

పోయిన మంగళవారం ఒకదానిది గిన్నెలో గుప్పెడు మేత మిగిలింది. లాబ్రడార్ అది, గిన్నె కూడా నాకి పక్కన పడేసే రకం. దొడ్డికి మామూలుగానే ఉంది. చిగురు నొక్కి చూస్తే నాకెందుకో పక్కదానికంటే తెల్లగా అనిపించింది, పక్కదాన్ని చూసి మళ్లీ దీన్ని చూసి నాలుగుసార్లు చూశా. సార్‌తో చెప్పాలంటే భయం, ఏమీ లేకపోతే నవ్వుతారని. చెప్పేశా. ఆయన నవ్వలేదు, థర్మామీటరు తెచ్చారు, 103.8. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువ, గోమారి జ్వరమే అన్నారు. డాక్సీసైక్లిన్ మాత్రలు ఇరవై ఎనిమిది రోజులు రాశారు. ఈరోజుకు ఐదో రోజు, నిన్న సాయంత్రం నుంచి గిన్నె మళ్లీ నాకుతోంది. సార్, నేనూ కలిసి బల్ల వెనక గోడ పగుళ్లు గోకి చూస్తే, చెప్పలేను అన్ని ఉన్నాయి. నిన్న మేస్త్రీని పిలిపించి పూడ్పించారు.

ఒక సందేహం. అమ్మకు ఈ సంగతి చెప్పినప్పటి నుంచీ రోజూ పొద్దున్నే "జబ్బు చేసి లేచింది, చలవ చేస్తుంది" అని పెరుగన్నం డబ్బా కట్టిస్తోంది. ఇంతవరకు పెట్టలేదు, నేనే తినేస్తున్నా. పెట్టొచ్చా?

పాత_ఏఆర్
ఆదివారం సాయంత్రం 6:41

హ్యాండ్లర్‌ను అడగకుండా మెతుకు కూడా పెట్టొద్దు. అడుగు, ఒప్పుకుంటే ఆయన చేత్తో పెట్టించు.

డాక్టరమ్మ_కావలి
ఆదివారం రాత్రి 7:15

ఆయన ఒప్పుకున్నా మాత్రకూ పెరుగుకూ రెండు గంటలు ఎడం ఉంచండి, పాలు, పెరుగుతో కలిస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. మాత్ర ఉత్త కడుపున వేయొద్దు, మేతతోనే వేసి పైన నీళ్లు తాగించండి. తాలింపులో ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. ఉప్పు వద్దు. గోడకు వాడే మందు రెండు మూడు వారాల తర్వాత మళ్లీ కొట్టించండి, గుడ్లు అప్పటికి పిల్లలవుతాయి.

కోవూరు_కుర్రోడు
ఆదివారం రాత్రి 9:50

సార్ ఒప్పుకున్నారు మేడమ్, మధ్యాహ్నం రెండు చెంచాలు. అమ్మతో తాలింపు వద్దన్నానని చెబితే, తాలింపు లేని పెరుగన్నం అదెట్లా తింటుందిరా పాపం అంటోంది.